లేత జొన్న

అమ్మకు,

నీ పెద్దకూతురి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. పెయ్య కూడా లేచి తిరుగుతోంది. దాని సంగతి కాస్త ఆగి రాస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మొహమాటపడకుండా నాన్న చేత నూనె రాయించుకో.

పెరటి మళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. నావా, నా తోటికోడలివా? నావైతే చెప్పుకోవడానికేమీ లేదు. ధనియాలు నలిపి మరీ చల్లినా కొత్తిమీర మడి సగం బోడిగానే ఉంది. ముల్లంగి మాత్రం వేసిన విత్తనమల్లా మొలిచింది. మొలిచినవాటిని పీకెయ్యడానికి చేతులు రాక అలాగే ఉంచేశాను. ఇప్పుడు పైన చూస్తే ఏనుగు చెవులంత ఆకులు, కింద ఎలుక తోకలు.

నా తోటికోడలుందే, ఆ పిల్ల విత్తనాల పొట్లం మీద రాసింది చదివి, బెత్తెడు దూరానికి ఒక్క మొక్క ఉంచి మిగతావన్నీ పీకి పారేసింది. దాని ముల్లంగులు మోచెయ్యంత ఊరాయి. దర్జీ కూతురు, పెళ్ళయ్యేదాకా మట్టి ముట్టి ఎరగదు. "మా చిన్నమ్మాయి చేతివాసే వేరు" అంటూ అత్తగారు ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపిస్తున్నారు. పదేళ్ళుగా ఆ మళ్ళకు నేను మోసిన నీళ్ళన్నీ ఏట్లో పోసినట్టే.

నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? "ఆ పిల్లను చూసి నేర్చుకో" అని పోయిన ఉత్తరంలో రాశావు. అది చదివిన పూట నాకు ముద్ద దిగలేదు. కన్నతల్లివి, నువ్వైనా నా వైపు ఉండకపోతే ఎలాగమ్మా?

ఇక పెయ్య సంగతి. మేతకని అత్తగారు కొట్టం వెనక జొన్న చల్లించారు, అదీ చిన్నమ్మాయి చేత్తోనే. పైరు మోకాలెత్తు పెరిగి వానల్లేక వాడిపోయింది. లేత జొన్నలో నాము ఉంటుందనీ, ఆ విషానికి పశువు నిలుచున్నచోటే పడిపోతుందనీ చిన్నప్పుడు నువ్వే నాకు చెప్పావు. ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు పొద్దున్నే మోపు కోసుకుని కొట్టంలోకి వచ్చింది. నేను పాలచెంబుతో గుమ్మంలో ఉన్నాను. నన్ను చూసి నవ్వి, పెయ్య ముందు మేత వేసింది. వెనకాలే అత్తగారు వస్తున్నారు.

ఈ ఉత్తరం మొదలుపెట్టింది ఇది చెప్పడానికేనమ్మా. ఒక్క మాటంటే సరిపోయేది. నేను నోరు విప్పలేదు. ఒక్కసారైనా దాని చేతివాసి ఏపాటిదో అత్తగారు కళ్ళారా చూడాలనిపించింది. పెయ్య చావాలని కాదు, ఒట్టు, అంతదూరం ఆలోచించలేదు. అది నాలుగు పరకలు నమిలాక గానీ నాకు ఒళ్ళు తెలియలేదు. చెంబు పారేసి ఉరికి మేత లాగేశాను. అప్పటికే నోట నురగ, కాళ్ళు తడబడుతున్నాయి. పశువుల డాక్టరు పక్క వీధిలోనే ఉండబట్టి, వేళకు సూది పడి బతికింది.

అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్దదానివి, నువ్వుండబట్టి కొట్టం నిలబడింది" అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్ళు కాచుకున్నానో నీకు తెలుసు. తీరా వచ్చాక ఆ చెయ్యి తప్పించుకుని, పారేసిన చెంబు ఏరుకోవడానికి వెళ్ళాను.

సాయంత్రం చిన్నది గడ్డివాము చాటున కూర్చుని ఏడుస్తూ కనిపించింది.

"నువ్వు చూస్తూనే ఉన్నావు గదక్కా. తప్పయితే చెప్పేదానివనుకున్నా" అంది.

మాటలో నిష్ఠూరమన్నా లేదు. ఉండబట్టలేక చెప్పేశాను.

"నాకు తెలుసే. తెలిసే ఊరుకున్నాను."

అది లేచి కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాతో మాటల్లేవు. నిన్న మాత్రం వచ్చి, జొన్న ఎప్పుడు కొయ్యొచ్చని అడిగింది. బాగా తడి పెట్టి, పూతకు వచ్చాక కొయ్యమన్నాను. తలూపి వెళ్ళిపోయింది, "అక్కా" అనలేదు.

ఆ పిల్ల అత్తగారితో ఒక్క ముక్క చెబితే ఈ ఇంట్లో నేను తలెత్తుకోలేను. అది చెప్పలేదు. పైగా అందరి ముందూ తిట్లు తానే పడుతోంది. దాని చోట నేనుంటే ఆ పూటే ఇల్లు ఎక్కి కూసేదాన్ని. ఆ ఓర్పు చూసినా నాకు ఈర్ష్యేనమ్మా.

ఇట్లు,
నీ కడుపున పుట్టి నీ మనసు రాని
పెద్దకూతురు