విజిల్ వింటే ఆగని బొగ్గు

12 ఆగస్టు 1998, బుధవారం

ఈ పొద్దున మా సందు కుక్క బొగ్గు "పడుకో" అనగానే పడుకుంది. "ఆగు" అన్నాను. నేను పళ్లు తోముకుని వచ్చేదాకా కదల్లేదు! రెండక్షరాల మాటకు ఇంత శక్తి ఉందా అని పొంగిపోయాను.

అంతలో ఖాజాగూడ బండల దగ్గర విజిల్ మోగింది. నేను "ఆగు, ఆగు" అని అరుస్తూనే ఉన్నాను, అది అటే పరుగెత్తింది. అక్కడ బండలు కొట్టే కూలీలు అన్నాల వేళకు విజిల్ వేసి, మిగిలింది దీనికి పెడతారు. బండ పేల్చే ముందూ అదే విజిల్. ఆ తేడా కుక్కకెలా చెప్పను?

విజిల్ వేసే యాదయ్య మామ పేలుడు ఆపించి, దాన్ని ఎత్తుకొచ్చాడు.

"ఏంది బిడ్డా, మా విజిల్ దీనికి దావత్ పిలుపైంది! రేపు పొద్దుగాల పెద్ద బండ లేపుతున్నం. సార్లు వస్తరు, ఆపనియ్యరు. జర కట్టేస్కో."

ఎలా కట్టను? దాని మెడ చుట్టూ పుండు. ఇంటి ఓనరు గేటు లోపలికి రానివ్వడు. విజిల్ విన్నా ఆగాలని సాయంత్రమంతా నేర్పాను. నేను నోటితో విజిల్ వేసిన ప్రతిసారీ లేచి ఉరికింది. ఇన్ని మాటలు చదువుకున్నాను, ఒక్కటీ దాన్ని ఆపదు.

రేపు కాలేజీకి వెళ్లను. విజిల్ మోగకముందే గేటు బయట దాని పక్కన నేనూ పడుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటాను.