తోయకుండానే పెరిగిన ఊపు

నంద్యాల,
గురువారం.

అమ్మకు,

మెహరాజ్ సలాములు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వూ నాయనా బాగున్నారని తలుస్తాను. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో అయితే పక్కనే నాయన ఉంటాడు, నాకు నోరు పెగలదు. అందుకే ఆళ్లగడ్డకు వస్తున్న ఇలియాస్ మామ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

కంప్యూటర్‌కూ ఫిజిక్సుకూ ఏం సంబంధమని అడిగావు. స్ప్రింగుకు బరువు కట్టి లాగి వదిలితే పైకీ కిందికీ ఊగుతుంది కదా, ఏ క్షణాన ఎక్కడుంటుందో కంప్యూటర్ చేత లెక్క కట్టిస్తాం. ఎలా కట్టాలో దానికి చెబుతూ రాసేదే ప్రోగ్రాం. మా కాలేజీలో ఈ ఏడాదే మొదలుపెట్టారు, అందరమూ కొత్తవాళ్లమే. నాతో చదివే దివ్యశ్రీ మనింటికి ఎందుకు రావడం లేదని కూడా అడిగావు. దానికి జవాబు కొంచెం పెద్దది.

నా ప్రోగ్రాంలో బరువు ఊగేకొద్దీ ఊపు పెరిగిపోయేది. ఎవరూ తోయకుండా ఎలా పెరుగుతుంది? పక్కన దివ్యశ్రీది మాత్రం కుదురుగా ఊగేది. ఇద్దరం వాడింది అవే సూత్రాలు. బాగా చేసిన ఒక్కరినే వేసవి శిక్షణకు పంపుతామన్నారు. ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి తను నా కుర్చీలో ఉంది. నన్ను చూసి లేచి వెళ్లింది. అప్పటి నుంచి నాకు అనుమానం పట్టుకుంది. పాస్‌వర్డ్ మార్చి మళ్లీ రాశాను. అదే తీరు. కొత్త పాస్‌వర్డూ కనిపెట్టేసిందనుకున్నాను. ఎవరితో నవ్వినా నన్ను చూసే నవ్విందనుకున్నాను. తను పెట్టిన చిత్రాన్నం కూడా వద్దన్నాను.

చెప్పడానికి సిగ్గుగా ఉందమ్మా. సోమవారం ల్యాబులో అందరి ముందూ నిలదీశాను.

"నా ప్రోగ్రాంలో చెయ్యి పెట్టినావా?"

"ఏందీ?"

"సీటు నీకే రావాలని నాది చెడగొడతాండావు."

తను సంచి తీసుకుని వెళ్లిపోయింది.

మాకు ఇది నేర్పే సుందరరాజు సార్ రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టి చూశారు. "ఎవరూ ముట్టలేదమ్మా. బరువు యాడుందో నువ్వు పాత వేగంతోనే లెక్కేస్తాండావు. అట్ల చేస్తే ప్రతిసారీ లేని శక్తి పిసరంత చేరుతాది. దివ్యశ్రీ ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో లెక్కేసింది. ఆ యమ్మీ తెలిసి రాసిందేం కాదులే."

ప్రోగ్రాంలో ఆ రెండు వరుసలూ అటూ ఇటూ మారిస్తే నాదీ కుదురుకుంది.

హాస్టల్లో తన గదికి వెళ్లాను. అప్పటికీ అనుమానం పూర్తిగా పోలేదు. "మరి ఆ పొద్దు నా కుర్చీలో ఎందుకు కూర్చున్నావు?" అని అడిగాను.

"కరెంటు పోయింది మే. యూపీఎస్ అరుస్తాండె. నువ్వు సేవ్ చేయకుండా పోయింటివి. నీ పని పోతాదని చేసినా."

"అప్పుడే చెప్పొచ్చు కదా."

"నువ్వు అడగల్యా. పాస్‌వర్డ్ మార్చుకుంటివి."

తప్పయిందన్నాను. తలుపు వేసుకుంది.

శిక్షణకు తన పేరే పంపారు. నాకు లోపల చురుక్కుమంది, నీ దగ్గర దాచడమెందుకు.

ఆదివారం నువ్వు రమ్మన్నావని నిన్న చెప్పాను. "మీ అమ్మ పిలిచిందని వస్తా. నీతో మాట్లాడేది ల్యా" అంది. ఒకే బస్సులో వస్తాం, వేరే వేరే సీట్లలో. నాయనకు ఇదంతా చదివి వినిపించకు. తలుపు తీసి ముందు తననే పలకరించు. నేను కాసేపు బయట నిలబడతాను.

ఇట్లు,
నీ కూతురు
మెహరాజ్