చేపలింట్లో గంజి పథ్యం

నాగాయలంక,
ఆగస్టు, 2004

ప్రాణంలో ప్రాణమైన నాగేశ్వరి అక్కకి,

గుడివాడలో మీరంతా కులాసా అని తలుస్తాను. ఇక్కడ నేనూ కులాసాయే. ఎందుకో చదివితే నన్ను తిడతావు.

నా కడుపు సంగతి నీకు తెలుసు. ముద్ద దిగగానే మెలిపెట్టి పెరట్లోకి పరుగెత్తించేది. మా అత్త నాంచారమ్మ పథ్యమని చెప్పి గంజీ, చారూ తప్ప ఏదీ ముట్టనివ్వలేదు. గుడ్డు వేడంది, పెరుగు పడదంది, చేప అసలే వద్దంది. పొద్దస్తమానం చేపలు ఎండబెట్టే ఇంట్లో రెండేళ్ళు వాసన చూస్తూ గంజి తాగాను. నాలుక పుండులా ఎర్రబడింది. అరికాళ్ళు మంటలెత్తాయి. ఎండుచేపల పందిరి కింద కళ్ళు తిరిగి పడిపోతే, "పని ఎగ్గొట్టడానికి ఏసాలు" అని వీధంతా వినేలా అంది. మీ మరిది తల వంచుకుని వల బాగుచేసుకున్నాడు.

చివరికి బందరు డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. పేగుల జబ్బు మనిషిని ఇంత పీల్చదమ్మా, నిన్ను పీల్చింది పథ్యం అంది. బి12, డి, ఇనుము అన్నీ అడుగంటాయట. సూదులు వేసి, గుడ్డూ ఉడికించిన చేపా తినమంది, కారం మానమంది. తిన్నాను, లేచి తిరుగుతున్నాను.

ఇప్పుడు అదే కడుపు జబ్బు అత్తకి పట్టుకుంది. డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అత్త బయట బల్ల మీద కూర్చుంటే, ఏం పెట్టాలో డాక్టరమ్మ నాతోనే చెప్పింది. నేను బయటికొచ్చి, "గంజే తాగాలంట అత్తా" అన్నాను. రోజూ ఆవిడకి గంజి పోసి, ఎదురుగా కూర్చుని చేపలకూర తింటున్నాను. నాకు జాలి లేదక్కా. వెతికినా దొరకడం లేదు.

నీ చెల్లెలు,
గాయత్రి

నాగాయలంక,
అక్టోబరు, 2004

అక్కా,

పాపం తగులుతుందని రాశావు. తగిలితే తగలనీ అనుకున్నాను. ఇది విను.

నిన్న అత్త గంజి తాగి లేవబోయి గోడ పట్టుకుంది. కళ్ళు తిరుగుతున్నాయంది. నాకు సంతోషమేసింది, నీ దగ్గర దాపరికమెందుకు. "ఏసాలా అత్తా?" అని అడిగాను.

"ఏసాలు కాదే. నీకూ ఇట్టాగే ఉండేది కామోసు" అంది.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. బందరులో చేపలమ్మడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ వాకిట్లోనూ తట్ట దింపుతుందట. గుడ్లు తింటున్నావా అని ఆవిడ అడిగేసరికి అంతా తెలిసిపోయిందట. అదీ నెల కిందటే.

"తెలిసీ ఎందుకు తాగావు?" అన్నాను.

"నీకు పోసినన్నాళ్ళూ నేనూ తాగుదామనుకున్నా. నువ్వు పోస్తంటే వద్దనే మొహం నాకేదే?"

ఒళ్ళు మండిపోయిందక్కా. నా పగని కూడా ఆ ముసలిది తన చేతుల్లోకి లాక్కుంది. గంజి తాగి తాగి పోతే పుణ్యం ఆవిడకి, పాపం నాకు. అంత తేలిగ్గా వదులుతానా? కుండలో మిగిలిన గంజి తీసుకెళ్ళి పెరట్లో కుమ్మరించాను. మట్టగిడస చేపలు ఉడికించి, పక్కన గుడ్డు పెట్టి, దగ్గర కూర్చుని తినిపించాను. సోమవారం సూదికి తీసుకెళ్తున్నాను.

అత్త సంగతి నీకు తెలుసుగా, పచ్చిమిరపకాయ కొరక్కుండా ముద్ద దిగదు. ఆ చేపలో నేను చిటికెడు కారం కూడా వేయలేదు. మొహం చిట్లించి, "కాస్త కారం ఎయ్యవే, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలింది. డాక్టరమ్మ వద్దందిగా. ఆవిడ బతికినన్నాళ్ళూ ఇలాగే చప్పగా, కడుపునిండా పెడతాను.

నీ చెల్లెలు,
గాయత్రి