ఫైనల్లో పక్కన కూర్చోబెట్టినందుకు

లిమరిక్, ఐర్లండ్,
మే 2021

సీతాలక్ష్మి గారికి,

లాక్‌డౌన్‌లో కూతురింట్లో చిక్కుకుని, మన జిల్లా బేస్‌బాల్ జట్టుకు ముప్ఫయ్యేళ్లు మేనేజరుగా ఉన్న మీవారి పక్షపాతం గురించి పుస్తకం రాస్తున్నాను. ఫైనల్లో మా శశికాంత్‌ను పక్కన కూర్చోబెట్టి తన మేనల్లుణ్ణి ఆడించారని ఊరంతా చాటినవాణ్ణి నేనే.

ఆయన కోవిడ్‌తో పోయారని తెలిసి శశికాంత్ గుంటూరు నుంచి ఫోన్లో ఏడ్చాడు.

"నాన్నా, అప్పటికే నా భుజం పోయింది. బయటపడితే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం రాదని సారే ఆ నింద మోశారు. మీ నాన్న నోట్లో నువ్వుగింజ నానదు, చెప్పకురా అన్నారు."

నానదు, నిజమే. అయినా ఇరవయ్యేళ్లు నన్ను తిట్టనిచ్చి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోవడం ఏం మర్యాదండీ? ఎన్నో జీవితచరిత్రలు చదివాను. ఇంత మొండిమనిషి ఎక్కడా తగల్లేదు.

ఆ అధ్యాయం మళ్లీ రాయాలి. ఫైనల్ రోజు సాయంత్రం మీ గుమ్మంలో నేను అరిచి వెళ్లాక, ఆయన అన్నం తిన్నారా?

శశికాంత్ నాన్న