మతం బీరువాలో మా షుకూర్ గారు

వెంకటరాఘవయ్య గారికి,

మీరు అబ్దుల్ షుకూర్ గారిని చదవలేదు. అట్టమీద పేరు చూసి బీరువా నిర్ణయించారు.

తెనాలిలో మీ గ్రంథాలయానికి ఆయన తాను రాసిన రెండు పుస్తకాలిచ్చారు. ఒకటి ఉత్తర ఆఫ్రికా బెర్బర్ తెగల రాజ్యాల చరిత్ర, రెండోది మన బాపట్ల, రేపల్లె ప్రాంతపు రాజకీయ చరిత్ర. రెండింటినీ మత గ్రంథాల్లో పెట్టారు. రేపల్లె కౌలురైతుల పోరాటంలో మీకు మతం ఎక్కడ కనిపించిందండి?

కిందటి వేసవిలో ఆయనా నేనూ బాపట్ల నుంచి వచ్చాం. ఆయన చరిత్ర బీరువా ముందు నిలబడి తన పుస్తకాలు వెతుక్కుంటుంటే, మీరు కుర్చీలోంచే, "మీవి అటుపక్కన సాయిబు గారూ" అన్నారు. నేను పోట్లాటకు లేస్తే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఊరుకో తమ్ముడూ. బెర్బర్లకీ బెర్బర్లన్న పేరు బయటివాళ్లు పెట్టిందే" అని నవ్వారు.

తిరుగు బస్సులో మాత్రం బాపట్ల దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

ఇప్పుడాయన లేరు. మీ సంతాప సభ కార్డులో ఆయన్ని "ఇస్లాం మత పండితులు" అన్నారు. ఆయన భార్య రజియా గారు అది చదివి, "అన్నయ్యా, మా ఆయన జీవితమంతా కాలేజీలో చరిత్ర చెప్పారు. ఈ పండితుడెవరండి?" అని అడిగారు.

మీరు నన్ను సభలో మాట్లాడమన్నారు. వస్తాను. ముందు ఇవి జరగాలి:

కార్డు మళ్లీ అచ్చువేయించండి. చరిత్రకారులు అని రాయండి.

రెండు పుస్తకాలూ చరిత్ర బీరువాలో పెట్టండి.

పెట్టేముందు ఒక్కటైనా చదవండి.

రజియా గారిని వేదిక మీదికి పిలవకండి. ఆ చరిత్ర బీరువా దగ్గరికి తీసుకెళ్లి చూపించండి.