ఓబులక్క ఆకలి

నవంబరు 1

ప్రొద్దుటూరు నుంచి నారాయణప్ప సారు ఫోన్. ఈసారి రచయితల సంబరంలో నాకు శాలువా కప్పుతారట. కథ కూడా చదవాలట. "ఏదో ఒకటి కాదమ్మా కరుణా, ఆ రొట్టెల కథే చదవాల. శానామంది అడుగుతాండారు." సరేనన్నాను.

అది ఓబులక్క కథ. పేరొక్కటే మార్చాను. మొగుడి శవం వసారాలో ఉండగా, వంటింటి తలుపు వేసుకుని జొన్నరొట్టెలు తిన్న సంగతి. ఆకలేసింది, తినింది. ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పనిది నాకు చెప్పింది. ఆమెకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే రాశాను... ఈ మాట ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

నవంబరు 3

సాయంత్రం ఓబులక్క వచ్చింది. ఫాల్ కుట్టాల్సిన చీరలు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. నేను బడి నుంచి రిటైరయ్యాక ఈ ఇంటికి రోజూ వచ్చే మనిషి ఆమె ఒక్కతే. సన్మానం సంగతి ఎవరు చెప్పారో ఏమో.

"మ్మే, నేనూ వస్తా ప్రొద్దుటూరికి."

"రోజంతా ఉపన్యాసాలక్కా. విసుగొస్తుంది నీకు."

"నీ మనిసంటూ ఒకరు ఉండొద్దా ఆడ?"

ఏమనాలి.

నవంబరు 6

ఇంకో కథ వెతికాను. గండికోటకు పిల్లల్ని తీసుకుపోయినప్పటిది ఒకటి ఉంది. పైకి చదివి చూసుకున్నా. చప్పగా ఉంది. అయినా సంచిలో పెట్టాను.

నవంబరు 9, ఆదివారం

ఇవాళ సంబరం. కల్యాణ మండపంలో గోడ పొడవునా బల్లలు. ఎవరి పుస్తకాల వెనక వాళ్లం నిలబడ్డాం. ఒకరి పుస్తకం ఒకరికి సంతకం చేసి ఇచ్చుకున్నాం. బయటివాళ్లు పెద్దగా రాలేదు. భోజనాల దగ్గర అందరూ జిల్లాకు కథ ఎంత అవసరమో మాట్లాడారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. పప్పు బాగుందని నాకు నేనే చెప్పుకున్నా.

ఓబులక్క మూడో వరసలో కూర్చుంది. పట్టుచీర. మాట్లాడిన ప్రతివాళ్లకూ చప్పట్లు కొట్టింది. పులివెందుల కవి పద్యాలు పాడి దిగాడు. తర్వాత నా పేరు పిలిచారు.

చేతిలో రెండు కథలూ ఉన్నాయి. వెనక నుంచి ఎవరో "రొట్టెల కథ!" అన్నారు. అదే చదివాను. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. చప్పట్లు కావాలనిపించింది, అంతే.

సగంలో తలెత్తి చూశా. ఓబులక్క విసురుకుంటున్న కాగితం ఆగిపోయింది. చివర్లో, కథలోని ఆమె ఏడుస్తూ, కన్నీళ్లతో తడిసిన రొట్టె మింగే చోట, ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు. తర్వాత చప్పట్లు. సారు కళ్లు తుడుచుకున్నారు. ఓబులక్క కూడా చప్పట్లు కొట్టింది. నెమ్మదిగా, అందరికంటే ఆలస్యంగా.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"అక్కా..."

"ఊ."

జమ్మలమడుగులో దిగాక ఒకే మాట— "శాలువా బాగుండాది."

నవంబరు 10

రాలేదు.

నవంబరు 12

రాలేదు. ఈ రోజు నేను నోరు తెరిచింది పాలామెతో మాత్రమే. "అర లీటరు చాలు."

నవంబరు 16, ఆదివారం

చర్చిలో అందరూ పలకరించారు. పేపర్లో ఫోటో చూశారట. రచయితల గ్రూపులో ఇంకా పూలు, దండాలు, "అద్భుతం మేడమ్" అని మెసేజ్‌లు. ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెప్పేసరికి మధ్యాహ్నమైంది. ఫోన్ పక్కన పెడితే ఇంట్లో చప్పుడే లేదు.

నవంబరు 17

నేనే వెళ్లాను. గడప ఇవతల నిలబడ్డా. సూది ఆపలేదు ఆమె.

"తప్పయింది అక్కా. నీ సంగతి నలుగురిలో చదివేశా."

"పేరు నాది కాదు గదా. ఎవురికి తెల్సు."

"మరి కోపమెందుకు?"

అప్పుడు తలెత్తింది.

"ఏడుస్తా తింటినని నీకు ఎప్పుడు చెప్తి? నేను ఏడవలేదు. ఇంగ నన్ను కొట్టేవాడు లేడని నిమ్మళంగా తింటి. రొట్టె అంత రుచిగా ఎప్పుడూ లేదు నాకు. అదొక్కటే నాది. దాన్నీ ఏడుపు చేస్తివి. అంతమందీ అయ్యో పాపం అనిరి. నాకెందుకు మే అయ్యో పాపం?"

వచ్చేశాను.

నవంబరు 18

నాకు చెప్పినప్పుడు ఆమె నవ్వింది. ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ నవ్వుకు భయపడ్డాను నేను. ఇట్లాంటి ఆడదాన్ని చదివేవాళ్లు అసహ్యించుకుంటారేమో అనుకున్నా. కన్నీళ్లు పెడితే అంతా మర్యాదగా కుదిరింది.

కథ చివరి పేరా కొట్టేసి తిరగరాశాను. ఇప్పుడు ఆమె రొట్టెలు తింటుంది, చెయ్యి కడుక్కుంటుంది, తలుపు తీస్తుంది. అంతే.

నవంబరు 23, ఆదివారం

ముద్దనూరు మీదుగా పులివెందులకు. అక్కడ కవి ఇంట్లో, సంబరంలో చదివిన కథలతో వేసే సంకలనం కోసం కూర్చున్నాం. మార్చిన కథ ఇచ్చాను. నారాయణప్ప సారు అక్కడే చదివారు. కళ్లజోడు తీశారు.

"ఏడుపు తీసేస్తే ఇంగ ఏముందమ్మా దీంట్లో? మొగుడు చచ్చిపోతే కడుపు నిండా తినింది. ఏమనుకుంటారు జనం?"

"అదే జరిగింది సార్."

"జరిగిందంతా కథ అయితాదా? పాతదే వేస్తాం. మంగళవారంలోగా సరే అను."

కవి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మిగతావాళ్లకు టీలు వచ్చాయి. సారు కాగితాలు మడిచి నా చేతికిచ్చేశారు. తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ. ఎక్కినవాళ్లెవరూ నా పక్కన కూర్చోలేదు.

నవంబరు 25

పొద్దున్నే ఓబులక్క ఇంటికి. మార్చిన కథ చదవనా అని అడిగా. సూదిని చీరకు గుచ్చి పెట్టింది. చదివాను.

ఒళ్లోని చీర మడత సర్దుకుంది. తర్వాత— "ఇంగోసారి."

మళ్లీ చదివాను. ఈసారి కళ్లు మూసుకుని వినింది.

"ఇదేనా పుస్తకంలో వచ్చేది?"

"వాళ్లు ఒప్పుకోవడం లేదక్కా. ఏడ్చిందే కావాలంటున్నారు. ఈ రోజే చెప్పాలి."

"నువ్వేం చెప్తావు?"

తెలియదన్నాను. ఆమె నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. అక్షరాల మీద ఒకసారి వేలు పెట్టి చూసింది, తలకిందులుగా పట్టుకుని. మడిచి చీరల అడుగున పెట్టేసింది.

"ఇది ఈడుండనీ. నువ్వు పో."

మార్చినదానికి ఇంకో ప్రతి లేదు నా దగ్గర. సాయంత్రం ఇంటికి వస్తావా అని అడగలేకపోయాను. సారు నుంచి ఫోన్ మోగుతోంది... రెండోసారి.