నీటి మీది టిక్కు

మంగళవారం

మూడేళ్ల క్రితం జువ్వలదిన్నె సముద్రపు ఒడ్డున నాటించిన సరుగుడు మొక్కల తనిఖీకి ఇవాళ వెళ్లాను. వాతావరణ ప్రణాళిక ఎంత ముందుకు వెళ్లిందో ఢిల్లీకి చెప్పే లెక్కలో మా మండలం వంతు ఈ మొక్కలే. నాటిన చోటే నిలబడి ఫోటో తీయాలి. తడి ఇసుక చివరిదాకా వెళ్లినా ఫోన్‌లోని యాప్ “స్థలానికి దగ్గరగా వెళ్లండి” అనే అంటోంది.

అప్పట్లో మాతో గుంతలు తవ్విన పోలయ్యన్న పక్కనే వల బాగుచేసుకుంటున్నాడు.

“ఇంకేడికి పోతావమ్మా? మనం నాటినాం గదా, ఆ చోటు అదో, అల ఇరిగే కాడుండాది. పోయిన తుఫానుకే సముద్రం కోసుకపోయింది.”

ఆఫీసుకు ఫోన్ చేసి మొక్కలు లేవని చెప్పాను. “చోటుంది గదమ్మా, పెండింగ్ పెట్టొద్దు” అన్నారు సార్.

పోలయ్యన్నే పడవలో తీసుకెళ్లాడు. అలలు దాటాక యాప్ ఒప్పుకుంది. నీళ్లను ఫోటో తీశాను. మొక్కల స్థితి అడిగింది. రెండే జవాబులున్నాయి: బాగున్నాయి, నీళ్లు పోయాలి. రెండోది నొక్కాను. ఆకుపచ్చ టిక్కు పడింది. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఏం రాసినావని పోలయ్యన్న అడిగితే చెప్పాను. ఆయనా నవ్వలేదు.

తిరిగొస్తుంటే ఒడ్డు మీద తన ఇల్లు చూపించాడు.

“దాన్ని కూడా ఒక ఫోటో తీసి పెట్టుకోమ్మా. రేపు యాడుండేదో తెలస్తాది.”

తీశాను.